తప్పు బోర్డుది, తిట్లు కెర్నెలుకి

లినక్సు మాట వచ్చినప్పుడల్లా మన ఐటీ జనాల్లో ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది. "అంతా బాగానే ఉంటుంది గానీ గురూ, లాప్‌టాపు మూతేసి మళ్ళీ తీస్తే మాత్రం రీస్టార్టు చేసుకోవాల్సిందే" అని. 2000ల్లో ఈ మాట మరీ ఎక్కువగా వినిపించేది. ఇప్పుడు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. పక్కనున్నవాళ్ళు కూడా అవునవునని తలూపుతారు. అదే మిషను మీద విండోసు పనిచేస్తోంది, లినక్సు పనిచెయ్యట్లేదు. మరి తప్పెవరిది? ఇంకెవరిది, లినక్సుదే! అంతకంటే ఆలోచించే ఓపిక ఎవరికుంది చెప్పండి?

నా మటుకు నాకు ఈ లెక్క ఎప్పుడూ నచ్చలేదు. ఆ తప్పు చాలాసార్లు కెర్నెలులో ఉండదు, మదర్‌బోర్డు మీదున్న ఓ చిన్న చిప్పులో ఉంటుంది. ఆ చిప్పులో ఉన్న ప్రోగ్రాము రాసింది లినక్సు వాళ్ళు కాదు. దాన్ని మార్చే అవకాశం కూడా వాళ్ళకి లేదు. కానీ తిట్లు మాత్రం వాళ్ళకే. పాపం ఒకరిది, ప్రాయశ్చిత్తం ఇంకొకరిది. ఆ ప్రాయశ్చిత్తం వాళ్ళు ఎలా చేసుకుంటూ వచ్చారు, అందులో మనలాంటి మెయింటెనెన్సు కూలీలు నేర్చుకోవాల్సింది ఏముంది అన్నదే ఈ టపా. కొంచెం పొడుగుంటుంది, టీ తెచ్చుకుని కూర్చోండి :)

ముందుగా బయోస్ సంగతి. ఏపీఎం అనే పద్ధతి ఉన్న పాత రోజుల్లో కరెంటు పొదుపు వ్యవహారం చాలావరకు బయోసే చూసుకునేది. ఆపరేటింగు సిస్టముకి చెప్పా పెట్టకుండా డిస్కు ఆపేసేది, మానిటరు ఆర్పేసేది. ఇది బాగాలేదని 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్టు, తోషిబా కలిసి ఏసీపీఐ అనే కొత్త స్పెక్ తెచ్చాయి. ఇందులో పెత్తనం ఆపరేటింగు సిస్టముది. బోర్డు మీద ఏమేం ఉన్నాయి, వాటిని ఎలా నిద్రపుచ్చాలి, ఎలా లేపాలి, బాటరీలో ఎంత మిగిలిందో ఎక్కడ చూడాలి... ఈ వివరాలన్నీ బోర్డు తయారుచేసినవాళ్ళు పట్టికలుగా మెమరీలో పెడతారు. కెర్నెలు వాటిని చదువుకుని పని కానిస్తుంది.

వినడానికి బాగానే ఉంది కదా? మెలిక ఎక్కడుందంటే, ఈ పట్టికల్లో ముఖ్యమైనది డీఎస్‌డీటీ. అది పేరుకే పట్టిక. నిజానికి దాన్నిండా ప్రోగ్రాములే. ఏఎస్ఎల్ అనే భాషలో రాసి, ఏఎంఎల్ అనే బైట్‌కోడుగా కంపైలు చేసి బోర్డులో పెడతారు. జావాకి జేవీఎం ఉన్నట్టు, ఈ బైట్‌కోడుని నడపడానికి కెర్నెలులో ఒక ఇంటర్‌ప్రెటరు ఉంటుంది. అంటే మీ కెర్నెలు లోపల, కెర్నెలుకున్న అధికారాలతో, ముక్కూమొహం తెలియని ఓ బోర్డు కంపెనీ ఉద్యోగి రాసిన కోడు నడుస్తుంటుంది. ఆయన నెత్తిన డెడ్‌లైను ఉంటుంది. పాత బోర్డు కోడు తెచ్చి కొత్త బోర్డుకి అతికించాల్సిన తొందర ఉంటుంది (ఇవి మనకి తెలియని కష్టాలేం కావు). ఇక ఆ రోజుల్లో చాలా బోర్డులకి జరిగిన పరీక్ష ఒక్కటే. విండోసు ఎక్కిందా? నిద్రపోయి లేచిందా? అయితే డబ్బాలో పెట్టి పంపించెయ్.

మొదటి చిక్కు ఇక్కడే వచ్చింది. ఏఎస్ఎల్‌ని కంపైలు చెయ్యడానికి ముఖ్యంగా రెండు కంపైలర్లు ఉండేవి. ఒకటి ఇంటెల్‌ది, ఇంకొకటి మైక్రోసాఫ్టుది. ఇంటెల్ కంపైలరు పాతకాలం లెక్కల మేష్టారు టైపు, అడుగడుగునా తప్పు పడుతుంది. మైక్రోసాఫ్టుది చూసీచూడనట్టు పోయే రకం. ఉదాహరణకి, బాటరీ వివరాలు చెప్పే మెథడు ఒకటుందనుకోండి. చివర్లో విలువని రిటర్న్ చెయ్యాలి. రాసినాయన ఆ రిటర్న్ రాయడం మర్చిపోయాడు. స్పెక్ ప్రకారం ఆ మెథడు ఏమీ తిరిగివ్వనట్టే లెక్క. కానీ విండోసు ఇంటర్‌ప్రెటరు చివరగా లెక్కకట్టిన విలువనే జవాబు కింద తీసుకునేది. కాబట్టి అక్కడ బాటరీ బొమ్మ వచ్చేది, లినక్సులో వచ్చేది కాదు.

ఇప్పుడు న్యాయంగా ఆలోచిస్తే లినక్సు చేసిందే రైటు. స్పెక్ చేతిలో పట్టుకుని కోర్టుకెళ్తే గెలుస్తుంది కూడా. కానీ లాప్‌టాపు కొనుక్కున్నవాడికి కావాల్సింది తీర్పు కాదు, బాటరీ బొమ్మ! అందుకని లినక్సు వాడే ఏసీపీఐసీఏ ఇంటర్‌ప్రెటరుకి (ఇది కూడా ఇంటెల్ వాళ్ళు మొదలెట్టిందే) ఈ చూసీచూడనట్టు పోవడాన్ని నేర్పించారు. ఇప్పుడు లినక్సులో అదే మామూలు పద్ధతి. కాదు, నాకు స్పెకే వేదం అనేవాళ్ళు బూటు లైనులో 'ఏసీపీఐ=స్ట్రిక్ట్' అని రాసుకోవచ్చు. రాసుకున్నవాళ్ళని నేనింతవరకూ చూడలేదు.

రెండో చిక్కు ఇంకా సరదాగా ఉంటుంది. ఏసీపీఐలో ఓఎస్ఐ అని ఒక మెథడుంది. బోర్డు ప్రోగ్రాము దాన్ని పట్టుకుని "నువ్వు ఫలానా వాడితో సమానమేనా?" అని కెర్నెలుని అడుగుతుంది. 'విండోస్ 2001' అంటే ఎక్స్‌పీ. 2006 అంటే విస్టా, 2009 అంటే విండోసు 7, 2012 అంటే విండోసు 8, 2015 అంటే విండోసు 10. లినక్సు వీటన్నిటికీ "అవును, నేనే" అంటుంది. ఒక్క ప్రశ్నకి మాత్రం "అబ్బే, కాదు" అంటుంది. ఏ ప్రశ్నకో తెలుసా? "నువ్వు లినక్సువా?" అన్న ప్రశ్నకి!

జోకు కాదండీ. 2007లో వచ్చిన 2.6.23 కెర్నెలు నుంచీ ఇదే పద్ధతి. అంతకుముందు నిజమే చెప్పేది. నిజం చెప్పి చెడింది. ఎలాగంటే, బోర్డు కంపెనీలు నమూనాగా వాడుకునే బయోస్ కోడులోకి 'లినక్సా?' అన్న ప్రశ్న ఎక్కేసింది. అక్కణ్ణుంచి అర్థం తెలిసినా తెలియకపోయినా అందరూ కాపీ కొట్టారు. ఒక మిషనులో జవాబు అవునని వస్తే, నిద్ర లేచినప్పుడు వీడియో కార్డుని బయోస్ మొదటినుంచీ మళ్ళీ సిద్ధం చేసేది. ఎందుకంటే అప్పటి లినక్సు డ్రైవరుకి ఆ పని త్వరగా చెయ్యడం రాదు. తర్వాత డ్రైవరు నేర్చుకుంది. కానీ "బాబూ, నాకు వచ్చేసింది, నువ్వు ఆపు" అని చెప్పే దారి లేదు. దాంతో ఆ మిషను మీద లినక్సు ఎప్పటికీ నెమ్మదే. ఇంకోచోట లినక్సు అనగానే సర్వర్లలో వాడే ఐపీఎంఐ సదుపాయం కూడా ఉన్నట్టేనని బయోస్ ఊహించేసుకుంది. ఇంకొన్నిట్లో లినక్సని తెలియగానే కొన్ని పరికరాల్ని సిద్ధం చెయ్యకుండా వదిలేసేది. ఈ భాగోతమంతా కెర్నెలు సోర్సులో ఒక పొడుగాటి కామెంటుగా రాసిపెట్టారు.

నాకు స్వయంగా తగిలింది ఈ చివరి రకం. హైదరాబాదు వాళ్ళకి చెప్పక్కర్లేదు, అప్పట్లో కంప్యూటరు కొనడమంటే సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరుకి వెళ్ళి విడిభాగాలు బేరమాడి అసెంబుల్ చేయించుకోవడమే. అలా కొన్న డెస్కుటాపది. బోర్డు కంపెనీ పేరెందుకు లెండి. నిద్రపుచ్చి లేపితే అన్నీ లేచేవి, నెట్‌వర్కు కార్డు తప్ప. కంపెనీకి మెయిలు కొడితే, మేము సపోర్టు చేసేది విండోసుకి మాత్రమే, అదెక్కించుకోండి అని ఓ ముక్క రాసి చేతులు దులుపుకున్నారు.

సరే ఏం చేస్తాం, డీఎస్‌డీటీని ఫైల్లోకి తీసి, ఇంటెల్ కంపైలరుతోనే వెనక్కి తిప్పి ఏఎస్ఎల్‌గా మార్చి చదవడం మొదలెట్టాను. దొరికింది! మొదట్లో ఓఎస్‌వైఎస్ అని ఒక వేరియబులు, అందులో 2000. 'విండోస్ 2001వా?' అని అడిగి, అవునంటే 2001 వేస్తుంది. ఆ కింద 'లినక్సువా?' అని అడిగి, అవునంటే 1000 వేస్తుంది. అప్పటి లినక్సు రెండిటికీ అవునంటుంది కాబట్టి చివరికి మిగిలేది 1000. ఇక నిద్ర లేపే మెథడులో చూస్తే "ఓఎస్‌వైఎస్ విలువ 2001 లేదా అంతకంటే ఎక్కువైతే నెట్‌వర్కు కార్డుని లేపు" అని ఉంది. లేకపోతే? లేకపోతే ఏమీ లేదు! ఆ 1000 ఎందుకేశారో, దాన్ని ఏం చేద్దామనుకున్నారో ఆ ఫైలంతా వెతికినా కనపడలేదు. ఆ ఒక్క లైను తీసేసి, మళ్ళీ కంపైలు చేసి, ఆ సొంత డీఎస్‌డీటీతో కెర్నెలు కట్టుకుంటే కార్డు లక్షణంగా లేచి కూర్చుంది. కొన్నాళ్ళకి 2.6.23 వేశాక ఆ మరమ్మతు కూడా అక్కర్లేకపోయింది. కెర్నెలు తన పేరు తను కాదంది, పని జరిగిపోయింది.

చెప్పొచ్చేదేమిటంటే, అక్కడ కుట్ర లేదు, పట్టించుకోకపోవడమే ఉంది. ఈ తేడా ముఖ్యం. ఎందుకంటే 2008 జూలైలో సరిగ్గా ఈ విషయం మీదే పెద్ద గొడవయింది. ఫాక్స్‌కాన్ జీ33ఎం-ఎస్ అనే బోర్డు కొన్న ఒకాయన దాని డీఎస్‌డీటీ విప్పి చూసి, లినక్సుకి వేరే దారి పెట్టి ఉండటం గమనించి, ఇది లినక్సుని కావాలని చెడగొట్టడమే అన్నాడు. జనం మండిపడ్డారు. మండిపడటానికి కారణం కూడా లేకపోలేదు. 1999 జనవరిలో బిల్ గేట్స్ రాసిన మెయిలొకటి తర్వాత ఓ కోర్టు కేసులో బయటకొచ్చింది. మనం ఏసీపీఐ మీద ఇంత కష్టపడితే లినక్సు ఊరికే లాభపడుతుందేమో, ఎన్‌టీ మీద బాగా నడిచి ఇతరుల మీద నడవకుండా చెయ్యగలమా అన్న ధోరణిలో ఉంటుందది. అది చదివినవాళ్ళకి ప్రతి బోర్డులోనూ కుట్రే కనిపిస్తుంది మరి.

కానీ కెర్నెలు మీద పనిచేసే మాథ్యూ గారెట్ ఆ బోర్డు కోడుని ఓపిగ్గా చదివి చెప్పిందేమిటంటే, కొత్త కెర్నెళ్ళు 'లినక్సువా?' అంటే కాదంటాయి కాబట్టి ఆ ప్రత్యేకమైన దారిలోకి అసలు వెళ్ళనే వెళ్ళవు, తప్పులున్న మాట నిజమే గానీ అవి లినక్సు మీద పగతో పెట్టినవి కావు అని. ఆ తర్వాత కంపెనీ సవరించిన బయోస్ ఇచ్చింది.

నన్నడిగితే, పట్టించుకోకపోవడం కుట్ర కంటే మొండి జబ్బు. కుట్ర చేసేవాడు దొరికితే నాలుగు తిట్టొచ్చు, కేసు పెట్టొచ్చు. పట్టించుకోనివాడితో ఎవరు దెబ్బలాడగలరు? వాడికి మనం ఉన్నామన్న సంగతే తెలియదు.

ఇంతకీ కెర్నెలు వాళ్ళు ఏం చేస్తారు? రెండు దారులున్నాయి. ఒకటి, చెడ్డ బోర్డుల జాబితా రాసుకోవడం. ప్రతి మిషనులోనూ డీఎంఐ అనే పట్టిక ఉంటుంది. కంపెనీ పేరు, మోడలు, బయోస్ వెర్షను, తేదీ అందులో ఉంటాయి. వాటితో పోల్చి చూసి "ఈ మోడలైతే ఇలా చెయ్యి" అని కెర్నెలులో రాసుకుంటారు. ఇలాంటి జాబితాలు ఒకటి కాదు, తెర వెలుగుకి ఒకటి, ఓఎస్ఐ జవాబులకి ఒకటి, చివరికి రీబూటు చెయ్యడానికి కూడా ఒకటి!

రీబూటు చెయ్యడానికి జాబితా ఏంటి అని మీకు నవ్వు రావచ్చు. పీసీని రీబూటు చెయ్యడానికి ఎన్ని దారులున్నాయో చూడండి. కీబోర్డు కంట్రోలరుకి ఒక సంకేతం పంపితే అది ప్రాసెసరుని రీసెట్ చేస్తుంది (1984 నాటి ఐబీఎం పీసీ ఏటీ నుంచి వచ్చిన వారసత్వం ఇది). ఏసీపీఐలో ఒక రీసెట్ రిజిస్టరుంది. పీసీఐ వైపు ఒక పోర్టుంది. బయోస్‌నే అడగొచ్చు. ఏదీ కుదరకపోతే ప్రాసెసరుని కావాలనే తట్టుకోలేని లోపంలోకి తోసి కింద పడెయ్యొచ్చు. ఒక్కో మోడలుది ఒక్కో తిక్క. డెల్ ఆప్టిప్లెక్స్ 990 లాంటివి పీసీఐ దారి చూపిస్తేనే కదిలేవి. అలా జాబితాకి తోక పెరుగుతూ పోయింది.

అప్పుడు రెండో దారి ఆలోచించారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, ఆ ఉలిపికట్టె మనమే అయినప్పుడు బోర్డుల మీద అలగడం కంటే ఊరి దారి ఎటో చూడటం మేలు కదా? 2011లో గారెట్ ఆ పని చేశాడు. విండోసు ముందు ఏసీపీఐ రిజిస్టరుకి రాస్తుంది, కదలకపోతే కీబోర్డు కంట్రోలరుకి, మళ్ళీ ఏసీపీఐకి, మళ్ళీ కీబోర్డుకి. బోర్డు కంపెనీలు పరీక్షించింది ఆ వరుసనే. కాబట్టి లినక్సూ అదే వరుస పట్టింది. ఒక్క మార్పుతో ఎన్నో మిషన్ల బాధ తీరింది. స్పెక్‌లో ఈ వరుస లేదు. స్పెక్ ఏం చెప్పినా, పరీక్షకి నిలిచిన దారే అసలు స్పెక్ అన్నమాట. చేదు నిజం, కానీ నిజం.

అయితే ఇలా సర్దుకుపోవడంలో ఒక ప్రమాదముంది. మందు ఎక్కువమందికి పోస్తే జబ్బు లేనివాడికి జబ్బొస్తుంది. ఎన్‌విడియా చిప్‌సెట్లున్న బోర్డుల సంగతి చూడండి. టైమరు తీగ ఫలానా పిన్నుకి కలిపామని బయోస్ పట్టిక చెప్పేది, నిజంగా చూస్తే వేరే పిన్నుకి ఉండేది. టైమరు అందకపోతే కెర్నెలు బూటు మధ్యలోనే బిగుసుకుపోవచ్చు. అందుకని "ఎన్‌విడియా బోర్డు కనిపించింది, ఏసీపీఐ చెప్పిన టైమరు మాట వినట్లేదు" అని ఒక సందేశం వేసి, కెర్నెలు ఆ పట్టికని పక్కన పెట్టేది. బాగానే ఉంది. కానీ హెచ్‌పెట్ టైమరున్న బోర్డుల్లో ఆ పట్టిక నిజమే చెబుతోంది! దాంతో మందుకి మినహాయింపు రాయాల్సొచ్చింది. 'పట్టిక మాట వినొద్దు' అని ఒక బూటు ఆప్షను, 'లేదు, విను' అని ఇంకొకటి. నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇంకోటి చెప్తాను, ఇది మరీ ఖరీదైనది. పాత బయోస్ పోయి యూఈఎఫ్ఐ వస్తే అన్నీ బాగుపడతాయని చాలామంది ఆశపడ్డారు. పేరు మారింది గానీ బుద్ధి మారలేదు. 2013 మొదట్లో కొన్ని సామ్‌సంగ్ లాప్‌టాపులు లినక్సు బూటు చేసిన పాపానికి ఇక ఎప్పటికీ ఆన్ కాకుండా పోయాయి. ఇటుకరాయితో సమానం. మొదట సామ్‌సంగ్ లాప్‌టాపుల కోసం రాసిన లినక్సు డ్రైవరుని అనుమానించారు, యూఈఎఫ్ఐ ఉంటే అది ఎక్కకుండా చేశారు. తవ్వితే తేలిందేమిటంటే, సెట్టింగులు దాచుకునే చిన్న ఫ్లాష్ మెమరీ సగానికి పైగా నిండితే ఆ ఫర్మ్‌వేరు లేవలేకపోతోంది. విండోసు నుంచి నింపినా అదే గతి అని గారెట్ చేసి చూపించాడు. అంటే తప్పు లినక్సుది కాదని తేలింది, కానీ కొనుక్కున్నవాడి డబ్బులు పోనే పోయాయి.

అప్పుడు కెర్నెలులో ఒక నియమం పెట్టారు. సగం కంటే ఎక్కువ నిండేట్టయితే ఇక రాయొద్దు అని. ఇది మంచి మిషన్లని కాటేసింది. వాటిల్లో చోటున్నా రాయనివ్వకపోవడంతో బూటు లోడరు ఎక్కించడం కుదరకుండా పోయింది. మళ్ళీ సవరించి, చివర్న ఓ 5 కిలోబైట్లు మిగిలేట్టు చూసుకుంటే చాలన్నారు. 2016లో ఇంకో కోణం బయటపడింది. రూటు ఫైల్‌సిస్టము మొత్తం చెరిపేసే ఆ భయంకరమైన కమాండు కొడితే, ఫైళ్ళలా కనిపించే యూఈఎఫ్ఐ వేరియబుళ్ళు కూడా చెరిగిపోయి కొన్ని లాప్‌టాపులు చచ్చిపోయాయి. సెట్టింగులు పోతే మొదటికి వచ్చి తనంతట తను లేవాల్సిన బాధ్యత ఫర్మ్‌వేరుది. లేవలేదు. దాంతో ఆ ఫైళ్ళలో చాలావాటిని మామూలుగా చెరపడానికి వీల్లేకుండా కెర్నెలే తాళం వేసింది.

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని సామెత. ఇక్కడ మెత్తనివాడు కెర్నెలు. సోర్సు తెరిచి ఉంది, అడిగితే పలికే మనుషులున్నారు, కొన్ని వారాలకొక కొత్త వెర్షనొస్తుంది. బోర్డు కంపెనీ రెండేళ్ళ తర్వాత ఆ మోడలుని మర్చిపోతుంది. కాబట్టి తప్పు ఎక్కడ పుట్టినా, దిద్దుబాటు మాత్రం దిద్దగలిగినవాడి ఇంట్లోనే జరుగుతుంది. ఇది న్యాయం కాదు, కానీ లోకం తీరు.

మన ఉద్యోగాల్లో మాత్రం జరిగేదేంటి? ప్రొడక్షను సపోర్టులో ఉన్నవాళ్ళకి బాగా తెలుసు. పై సిస్టము నుంచి తప్పుడు ఫైలొస్తుంది. వాళ్ళని మార్చమంటే వచ్చే క్వార్టరులో చూద్దాం అంటారు. రాత్రి బాచ్ ఆగకూడదు. మనమే ఓ 'ఇఫ్' రాసి పడేస్తాం. నేను చూసిన ఒక ప్రాజెక్టులో, ఎప్పుడో మానేసి వెళ్ళిపోయిన ఎవరో రాసిన లైనొకటి ఉండేది. ఫలానా బ్రాంచి నంబరైతే మొత్తాన్ని 100తో భాగించు అని. ఎందుకో ఒక్క ముక్క కామెంటు లేదు. కొన్నేళ్ళకి పై సిస్టము వాళ్ళు తమ తప్పు దిద్దుకున్నారు. ఆ రోజు నుంచి ఆ బ్రాంచి లెక్కలు తప్పడం మొదలెట్టాయి. తప్పు దిద్దుకున్నందుకు తిట్లు తిన్న టీముని నేనక్కడే చూశాను.

అందుకే కెర్నెలు వాళ్ళ పద్ధతి నాకు నచ్చుతుంది. మూడు విషయాలు చెప్పుకోవాలి.

ఒకటి, పేరు పెట్టి రాస్తారు. ఏ కంపెనీ, ఏ మోడలు, ఏ బయోస్ వెర్షను, ఏం లక్షణం కనిపించింది, ఎందుకిలా చేస్తున్నాం అన్నది కోడు పక్కనో, మార్పు చరిత్రలోనో ఉంటుంది. పదేళ్ళ తర్వాత వచ్చినవాడు కూడా దాన్ని తీసెయ్యొచ్చో లేదో తేల్చుకోగలడు.

రెండు, వీలైనంత ఇరుకుగా రాస్తారు. ఒకప్పుడు ఫలానా సంవత్సరం కంటే పాత బయోస్ అయితే ఏసీపీఐ మొత్తం బంద్ అన్న మోటు నియమం కూడా ఉండేది. "ఈ బయోస్ వయసు సరిపోదు, కావాలంటే ఏసీపీఐ=ఫోర్స్ అని రాసుకో" అని మొహమ్మీదే చెప్పేది :) అలాంటివాటితో దెబ్బలు తిన్నాకే ఒక్కో మోడలునీ విడిగా చూడటం, లేదా అందరూ నడిచే దారి పట్టడం అలవాటు చేసుకున్నారు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. గుట్టుగా సర్దెయ్యరు. కెర్నెలులో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక ముద్ర ఉంది. డీమెసేజ్ చూస్తే 'ఫర్మ్‌వేర్ బగ్' అని బ్రాకెట్లో పెట్టి మరీ రాస్తుంది. "బయోస్ లినక్సువా అని అడిగింది, లెక్క చెయ్యలేదు" అన్న సందేశానికి కూడా ఆ ముద్రే. పని ఆపదు, కానీ తప్పెవరిదో లాగులో ఉంటుంది. మనం రాసే సర్దుబాట్లలో లేనిది సరిగ్గా ఇదే. మనం తప్పుని మింగేసి నవ్వుతాం. ఆరు నెలల తర్వాత పై సిస్టము వాడు "మా వైపు ఏ ఇబ్బందీ లేదు, ఎవరూ కంప్లైంటు చెయ్యలేదు" అంటాడు. ఎలా చేస్తారు, మనమే నోరు మూయించాం కదా!

ఇవాళ పరిస్థితి కొంత మెరుగు. డెల్, లెనోవో, హెచ్‌పీ లాంటి కంపెనీలు ఇప్పుడు తమ ఫర్మ్‌వేరు సవరణలు ఎల్‌వీఎఫ్ఎస్ అనే సర్వీసులో పెడుతున్నాయి. లినక్సులోంచే ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ అనే సాఫ్టువేరుతో ఎక్కించుకోవచ్చు. బయోస్ మార్చాలంటే డాస్ ఫ్లాపీ వెతుక్కున్న రోజులు గుర్తున్నవాళ్ళకి ఇది చిన్న విషయమేం కాదు. ఫర్మ్‌వేరుని పరీక్షించడానికి కనోనికల్ వాళ్ళ ఎఫ్‌డబ్ల్యూటీఎస్ ఉంది. 1999లో లినక్స్‌బయోస్ పేరుతో మొదలై 2008లో పేరు మార్చుకున్న కోర్‌బూట్ ఇప్పుడు క్రోమ్‌బుక్కుల్లో నడుస్తోంది. అయినా ఆ చెడ్డ బోర్డుల జాబితాలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి.

కాబట్టి ఈసారి మీ మిషను మీద లినక్సు పేచీ పెడితే, తిట్టే ముందు ఒక్కసారి డీమెసేజ్‌లో 'ఫర్మ్‌వేర్ బగ్' అన్న మాట ఉందేమో వెతకండి. ఉంటే మోడలు, బయోస్ వెర్షను రాసి, ఏసీపీఐడంప్‌తో పట్టికలు తీసి, అటు కెర్నెలు వాళ్ళకీ ఇటు కంపెనీకీ పంపండి. కంపెనీ వాళ్ళు జవాబివ్వరని నాకూ తెలుసు. అయినా పంపండి. లినక్సు వాడేవాళ్ళు కూడా తమ బోర్డులు కొంటున్నారని వాళ్ళకి తెలిసే దారుల్లో అదొకటి. ఆఫీసులో కూడా, ఎదుటివాడి తప్పుకి సర్దుబాటు రాయాల్సి వస్తే రాయండి, బాచ్ ఆగకూడదు. కానీ దాని పక్కనే ఎవరి తప్పో, ఎప్పటి తప్పో ఒక లైను రాసి, లాగులో ఒక ముక్క పడేట్టు చూడండి. మీ తర్వాత ఆ సీట్లో కూర్చునేవాడికి రాత్రి నిద్ర దక్కుతుంది.